మా అత్తయ్యగారి మీదకి నేనే పంపిన ఫైరింజన్

నవ్వేవాళ్ళు ఇప్పుడే ఒకసారి నవ్వేసుకోండి, మధ్యలో నవ్వితే టీ పొలమారుతుంది. మొన్న గురువారం పట్టపగలు పదకొండింటికి నేను మా అత్తయ్యగారి మీదకి ఒక ఫైరింజన్నీ, ఒక అంబులెన్సునీ, తుపాకులు పట్టుకున్న ఎనిమిది మంది జవాన్లనీ పంపించాను. కోపం వచ్చి కాదండీ బాబూ! మా ఇద్దరికీ గొడవలేం లేవు. పూర్తిగా డ్యూటీ ప్రకారం, రూల్సు ప్రకారం పంపించాను. అదే వచ్చిన చిక్కు.

నా ఉద్యోగం ఏమిటో తెలీనివాళ్ళకి చెబుతున్నాను. ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య ఒక మిలిటరీ బేస్ ఉంది. సరిగ్గా ఎక్కడో బయటివాళ్ళకి చెప్పకూడదని మాకు ఆర్డరు. దెందులూరులో ఆటోవాళ్ళు మాత్రం "బేస్ గేటు, బేస్ గేటు, ఒక్క సీటు!" అని అరుస్తూనే ఉంటారు, అది వేరే సంగతి. ఆ బేస్‌లో ఎమర్జెన్సీ కంట్రోల్ రూమ్ అని ఒక గది ఉంది. అక్కడ ఫోన్లు ఎత్తే సివిలియన్ స్టాఫ్‌లో నేనొకదాన్ని. లోపల ఎక్కడ మంటొచ్చినా, ఎవరు కిందపడ్డా, ఏది పేలినా ముందు నాకే ఫోను వస్తుంది. ఎక్కడ, ఏమిటి, ఎంతమంది అని అడిగి, ఏ బండి వెళ్ళాలో చూసి పంపడం నా పని. డిస్పాచర్ అంటారు.

అంతకుముందు పన్నెండేళ్ళు ముదినేపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేశాను. పన్నెండేళ్ళలో పర్మనెంట్ అనే మాట ఒక్కసారి కూడా వినలేదు. నలభై దాటాక దొరికిందండీ ఈ ఉద్యోగం. ఆరు నెలలు ప్రొబేషన్ అన్నారు. ఆ ఆరు నెలలూ బుధవారంతో అయిపోయాయి. గురువారం ఒక మేజర్ గారు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని నా పని చూస్తారు. నచ్చితే పర్మనెంట్ చేయమని రాస్తారు. నచ్చకపోతే ఇంటికి. వారం రోజుల నుంచీ నాకు అన్నం సహించలేదంటే నమ్మండి.

ఇప్పుడు చప్పుళ్ళ పుస్తకం గురించి చెప్పాలి. మా బేస్ గోడకి తూర్పు పక్కంతా చేపల చెరువులే. కొల్లేటి పక్షులకి అక్కడ రోజూ పెళ్ళిభోజనం. చెరువులో చేపపిల్ల వదిలితే చాలు, నీటికాకులు మందలు మందలుగా దిగిపోతాయి. వాటిని తోలడానికి రైతులు పైపు తుపాకీ పేలుస్తారు. అందులో గుండూ ఉండదు, ఏమీ ఉండదు, ఉత్త మోతే. కానీ ఆ మోతకి మా గది కిటికీలు కూడా గిలగిలలాడతాయి. మిలిటరీ గోడ పక్కన ఢామ్మంటే ఊరుకుంటారా? అందుకని ఒక పద్ధతి పెట్టారు. ఎవరు మోత పెట్టినా ముందుగా మా కంట్రోల్ రూముకి చెప్పాలి. పేరు, చెరువు, టైము మేం పుస్తకంలో రాసుకుంటాం. తర్వాత టవర్ మీదున్న సెంట్రీ "చప్పుడు వినబడింది" అని ఫోను చేస్తే, పుస్తకం చూసి "ఫలానావారి చెరువండీ, పక్షుల కోసం" అని చెప్పేస్తాం. పుస్తకంలో లేదంటే మాత్రం అలారం కొట్టాల్సిందే.

ఈ పుస్తకం విషయంలో నేను ఎంత గట్టిదాన్నో అడగండి! పోయిన నెల వెంకట్రాజు గారని ఒక పెద్దాయన చెప్పకుండా మోత పెట్టేశారు. ఫోనులో ఆయనకి పావుగంట క్లాసు పీకాను. "ఏవండీ, మీరు మీ ఇంట్లో చెప్పి బయల్దేరితే మాకు తెలుస్తుందా అండీ? ఒక్క ఫోను చేయడానికి ఏం కష్టమండీ?" అన్నాను. పాపం ఆయన "ఆయ్, చిత్తమండి, తప్పయిపోయిందండి" అంటూనే ఉన్నారు. టీచరు ఉద్యోగం పోయినా టీచరు నోరు ఎక్కడికి పోతుంది?

ఆ తూర్పు పక్క చెరువుల్లో ఒకటి మాదే. మావయ్యగారు పోయాక దాన్ని మా అత్తయ్యగారే చూసుకుంటున్నారు. ఆవిడ పేరు సువార్తమ్మ. మేత వేయించడం, నీళ్ళు పెట్టించడం, పక్షుల్ని తోలడం అన్నీ ఆవిడే. మా ఆయన చేపల లోడుతో లారీ మీద తిరుగుతూ ఉంటారు, వారానికోసారి కనబడతారు.

గురువారం పొద్దున్న ఆరున్నరకి నేను చీర ఇస్త్రీ చేసుకుంటూ, మేజర్ గారు ఏం అడిగితే ఏం చెప్పాలో పెదాలు కదుపుతూ వల్లెవేసుకుంటున్నాను. అత్తయ్యగారు నా క్యారేజీలో కూర సర్దుతున్నారు.

"అమ్మాయ్, ఇవాళ పదకొండింటికి చెరువు మీద నాలుగు మోతలు పెడతాను. పిల్ల వదిలి పట్టుమని పది రోజులు కాలేదు, నీటికాకులు మీద పడిపోతున్నాయి. మీ ఆఫీసులో చెప్పు" అన్నారు.

"అలాగేనండి అత్తయ్యగారూ."

"పుస్తకంలో రాయి మరి."

"రాస్తానండి."

చూశారా, రెండుసార్లు ఒప్పుకున్నాను! తర్వాత ఆవిడ నా నెత్తిన చెయ్యి పెట్టి, "ప్రభువా, ఈ పిల్ల ఉద్యోగం నిలబెట్టు తండ్రీ" అని ప్రార్థన చేశారు. నేను ఆమెన్ అని గబగబా ఆటో ఎక్కేశాను. మోతలూ లేవు, పుస్తకమూ లేదు, బుర్రలో మేజర్ గారి మీసం ఒక్కటే ఉంది. ముందురోజు గేటు దగ్గర ఆయన్ని చూశాను లెండి. ఆ మీసం చూస్తేనే గుండె జారిపోయింది.

తొమ్మిదికల్లా మేజర్ గారు వచ్చి కూర్చున్నారు. ఆయనకి తెలుగు రాదు, మాతో మాటలన్నీ ఇంగ్లీషులోనే. మాకు సూపర్‌వైజర్ మూర్తిగారని ఉన్నారు, ఉండి అనే ఊరి మనిషి, సైన్యంలో చేసి రిటైరయ్యి ఇక్కడ చేరారు. మేజర్ గారికి మధ్యలో తెలుగు అర్థం కాకపోతే ఆయనే చెబుతారు. మొదటి రెండు గంటల్లో వచ్చింది ఒక్కటే ఫోను, వంటశాల వెనక పాము దూరిందని. పాములు పట్టే ఆయన్ని పంపాను. మేజర్ గారు నోట్‌బుక్కులో ఏదో చిన్నగా రాసుకున్నారు. పాముకి ఎన్ని మార్కులు వేశారో అని నాకు ఒకటే బెంగ.

సరిగ్గా పదకొండు. ఢామ్!

కిటికీ అద్దాలు అదిరాయి. మేజర్ గారి చేతిలో టీ కప్పు ఒలికింది. వెంటనే ఎర్రఫోను మోగింది. తూర్పు టవర్ సెంట్రీ.

"పేలుడు శబ్దం. గోడ అవతల. పొగ కనబడుతోంది" అన్నాడు.

నాలో ఏ దేవత పూనిందో తెలీదండీ! గొంతులో వణుకు లేదు, తడబాటు లేదు. ఎంత దూరం? ఎవరైనా కనబడుతున్నారా? మంట ఉందా? గాలి ఎటు వీస్తోంది? అన్నీ టకటకా అడిగేశాను. ఒక చేత్తో చప్పుళ్ళ పుస్తకం తీశాను. గురువారం పేజీ మల్లెపువ్వులా తెల్లగా ఉంది. నేను రాయాల్సిన పేజీని నేనే తెల్లగా ఉంచేసి, "ఎంట్రీ ఏమీ లేదు సార్!" అని మేజర్ గారికి ఎంత ఠీవిగా చెప్పానో!

ఇంతలో రెండో ఢామ్. ఇక ఆగలేదు. అలారం నొక్కాను. సైరన్ మోగింది. ఫైరింజన్ తూర్పు గేటుకి, అంబులెన్సు దాని వెనక, హవల్దార్ గారి టీము ముందు. రెండున్నర నిమిషాల్లో మూడు బండ్లూ గేటు దాటాయి. మేజర్ గారు వాచీ చూసుకుని, "ఎక్సలెంట్" అని పైకే అన్నారు. వెనక నుంచి మూర్తిగారు బొటనవేలు ఎత్తి చూపించారు. నేను లోపల లోపల పర్మనెంట్ ఆర్డరు ఫ్రేము కట్టించేసి గోడకి తగిలించేశాను.

వైర్‌లెస్ సెట్టు గరగరలాడింది. హవల్దార్ గారిది పార్వతీపురం వైపు, తెలుగులోనే మాట్లాడతారు.

"కంట్రోల్, స్పాట్‌కి చేరాం. మంట లేదు, దెబ్బలు లేవు. చెరువు గట్టు మీద ఒక పెద్దావిడ ఉన్నారు. కుర్చీ, గొడుగు, ఒక పైపు. ఓవర్."

"ఆ పైపు కింద పెట్టమనండి. ఓవర్" అన్నాను కఠినంగా.

"చెప్పామండి. ఇంకా రెండు మోతలు మిగిలాయి, అవి కూడా అయ్యాక పెడతానంటున్నారు. ఓవర్."

చూడండి ఈ జనం తెగింపు, అనుకున్నాను. "ఎవరి పర్మిషన్ తీసుకున్నారో అడగండి. ఓవర్."

"కంట్రోల్ రూములో చెప్పమని వాళ్ళ కోడలికి పొద్దున్నే చెప్పారటండి. ఓవర్."

మీరంటే ఈ పాటికి కనిపెట్టేసి ఉంటారు. నాకు మాత్రం అప్పటికీ వెలగలేదండీ! పైగా ఒళ్ళు మండింది. "అబద్ధం! పట్టుబడ్డాక అందరూ ఇలాగే చెబుతారు. ఆ కోడలెవరో గానీ బాధ్యత లేని మనిషిలా ఉంది. ఓవర్!" అన్నాను. మా గదిలో ప్రతి మాటా రికార్డవుతుంది. ఈ మాట కూడా అయింది.

"ఇంకో సంగతండి" అన్నారు హవల్దార్ గారు. "మావాళ్ళందరికీ మజ్జిగ పోస్తున్నారు. ఎండన పడి వచ్చారు, తాగండి బాబూ అని ఒకటే బలవంతం. తాగొచ్చా? ఓవర్."

"తాగొద్దు! ముందు ఆవిడ గుర్తులు చెప్పండి. ఓవర్."

"అరవై అయిదు పైన ఉంటాయండి. తెల్ల చీర. గొడుగు మీద ఏదో స్కూలు పేరుంది, సగం చెరిగిపోయింది. ముదినేపల్లి అన్నది మాత్రం కనబడుతోంది. ఓవర్."

ఆ స్కూలు మానేసిన రోజు పన్నెండేళ్ళ సర్వీసుకి వాళ్ళు నాకిచ్చిన ఒకే ఒక్క వస్తువు ఆ గొడుగు. నేను అత్తయ్యగారికి ఇచ్చేశాను.

చెవుల్లో ఆరున్నర గంటల మాట గిర్రున తిరిగింది. పుస్తకంలో రాయి మరి. రాస్తానండి. అయ్యో ప్రభువా!

మేజర్ గారు లేచి కిటికీ దగ్గరకి వెళ్ళి తూర్పు వైపు చూస్తున్నారు. అటు తిరిగే అన్నారు, "పర్మిషన్ లేదు, ఎంట్రీ లేదు. పైపు స్వాధీనం చేసుకుని, మనిషిని గేటుకి తీసుకొచ్చి, పోలీసులకి అప్పగించమనండి." ఆయన అన్నది రూలే. ఆ రూలు నేను కూడా పొద్దున ఇస్త్రీ చేస్తూ వల్లెవేశాను.

మూర్తిగారు దగ్గరకి వచ్చి, "ఏమ్మా రూతూ, మొహం అలా అయిపోయిందేంటి?" అని మెల్లగా అడిగారు.

"ఆవిడ మా అత్తయ్యగారండి."

"చెప్పారా నీకు?"

"చెప్పారండి. నేనే రాయలేదు."

మూర్తిగారు పుస్తకం వైపు చూశారు, మేజర్ గారి వీపు వైపు చూశారు. "పుస్తకంలో లైనింకా ఖాళీగానే ఉంది కదమ్మా" అని, ఫ్యాను ఎలా తిరుగుతోందో పరీక్షిస్తున్నట్టు పైకి చూస్తూ నిలబడిపోయారు.

పెన్ను తీశాను. దాచుకోవడం ఎందుకు, తీశాను. "ఉ. 6" వరకు రాశాను కూడా. అప్పుడు తట్టింది నాకు. ఎంట్రీ ఉందని రాస్తే, ఎంట్రీ ఉండి కూడా అలారం కొట్టానన్నమాట! అంటే పుస్తకం చదవడం కూడా రాని డిస్పాచర్ని అవుతాను. రాయకపోతే అత్తయ్యగారు పోలీసు జీపెక్కుతారు. ఎటు తిరిగినా గోడే.

నిజం చెబుతున్నానండీ, ఆ క్షణంలో ఉద్యోగం కంటే ఆ జీపే నా కళ్ళ ముందు తిరిగింది. మావయ్యగారు పోయిన నెలకే ఆ గట్టు మీద ఒంటరిగా కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి. ఎవరి దగ్గరా ఒక్క మాట పడి ఎరగరు. నేను ఆఫీసుకి వేళకి వెళ్ళాలని నా క్యారేజీ కూడా ఆవిడే కడతారు. అలాంటి మనిషిని, నా మతిమరుపుకి ఊరందరి ముందూ జీపెక్కిస్తానా? నాకు ఏడుపొచ్చేసింది.

"సార్" అన్నాను. మేజర్ గారు ఇటు తిరిగారు. "ఆవిడ చెప్పింది నిజం. పొద్దున్న ఆరున్నరకి చెప్పారు. ఆ కోడల్ని నేనే. రాయడం మర్చిపోయింది నేనే. ఆవిడ తప్పు ఏమీ లేదు."

మేజర్ గారి మీసం అంగుళం పైకి లేచింది. ఆయన నోరు తెరిచేలోపు వైర్‌లెస్ మళ్ళీ గరగరలాడింది. ఈసారి హవల్దార్ గారు కాదు.

"హలో, కంట్రోలు రూమండీ? నమస్కారమండీ. నా పేరు సువార్తమ్మండి."

హవల్దార్ గారి చేతిలోంచి సెట్టు లాక్కున్నారట! పర్మిషన్ లేకపోతే పోలీసులకి అప్పగించడమే రూలని ఎవరో జవాను ఆవిడ ముందే అనేశాడట. ఆ సెట్టుకి ఒక బటన్ ఉంటుంది. అది నొక్కి ఉంచినంతసేపూ ఆవిడ మాట మాకు వినబడుతుంది, మా మాట ఆవిడకి వినబడదు. మాకొక్కళ్ళకే కాదు, ఫైరింజన్‌లో, నాలుగు టవర్ల మీదా, కమాండర్ గారి జీపులో, బేస్‌లో ఉన్న సెట్లన్నిట్లోనూ వినబడుతుంది. ఆవిడ బటన్ వదలరు!

"మా కోడలికి ఈ సంగతి ఏమీ తెలీదండీ. నేను చెప్పలేదండి. చెప్పానని ఇందాక ఈ బాబుతో అన్నాను గానీ, అది నా మతిమరుపండి. పెద్దదాన్ని గదండీ. మా కోడలు చాలా జాగ్రత్త మనిషండి, గ్యాసు కట్టేశానో లేదో రెండుసార్లు చూసుకుంటుంది. నన్ను ఏ స్టేషనుకి రమ్మన్నా వస్తానండి, దాని ఉద్యోగం జోలికి మాత్రం పోకండి. ఇవాళ ఎవరో మేజరు గారు వచ్చి కూర్చుంటారంట. ఆయన మీసం చూస్తేనే భయమేస్తోందని రాత్రి అన్నం కూడా తినలేదండి పిచ్చిది..."

మూర్తిగారు మేజర్ గారికి వాక్యం వాక్యం ఇంగ్లీషులో చెబుతున్నారు. మీసం దగ్గరికి వచ్చేసరికి ఆయనకి పెద్ద దగ్గు తెర వచ్చింది. కానీ మేజర్ గారు అప్పటికే తన మీసం తడుముకున్నారు. మేజరన్న మాట విని, నా మొహం చూసే ఆయనకి అర్థమైపోయినట్టుంది.

"అమ్మాయ్, నువ్వక్కడే ఉన్నావా? క్యారేజీలో అడుగు గిన్నెలో పెరుగన్నం ఉంది, వేళకి తిను. ఏం బాబూ? చివర్న ఓవర్ అనాలా? ఓవరండీ!"

బటన్ వదిలారు. రెండో టవర్ మీద నుంచి ఎవరో పకపకా నవ్వడం సెట్లో వినబడి ఆగిపోయింది.

మేజర్ గారు కుర్చీలో కూర్చున్నారు. "ఒక తప్పుకి ఇద్దరు ఒప్పుకుంటున్నారు. ఇద్దరిలో అబద్ధం చెబుతున్నది ఎవరు?" అని అడిగారు.

"ఆవిడే సార్" అన్నాను. ఇన్నేళ్ళ కాపురంలో అత్తయ్యగారిని అబద్ధాలకోరు అన్నది అదే మొదటిసారి, అది కూడా సైన్యం ముందు.

పోలీసుల మాట ఆయనే వెనక్కి తీసుకున్నారు. "ఆవిడకి మిగిలిన రెండు మోతలూ పెట్టుకోమనండి. మజ్జిగ కూడా తాగొచ్చు" అన్నారు. ఆ రెండు మోతలూ నేను పుస్తకంలో పేరు, చెరువు, టైముతో సహా, గుండ్రటి అక్షరాలతో రాశాను. ఆ ఆరంకె కొట్టేసి పక్కన సంతకం పెట్టాను.

మూడింటికి కమాండర్ గారి గదికి పిలిచారు. మేజర్ గారి రిపోర్టు చదివి వినిపించారు. అలారానికి స్పందన చాలా బాగుందట. బండ్లు వెళ్ళిన వేగం అంతకంటే బాగుందట. ఇంటి నుంచి ఆఫీసుకి కబురు చేరిన వేగం మాత్రం బాగాలేదట. అందుకని ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించారు. ఉద్యోగం ఊడనందుకు సంతోషించాలో, ఫ్రేము కట్టించిన ఆర్డరు గోడ మీద నుంచి పడిపోయినందుకు ఏడవాలో తెలీక రెండూ కొంచెం కొంచెం చేసుకుంటూ ఇంటికొచ్చాను.

అత్తయ్యగారు వరండాలో కూర్చుని ఉన్నారు. చేతిలో ఒక పొడుగు కవరు. "ఎంత మర్యాదస్తులో అమ్మాయ్! హవల్దారు బాబు జీపులో వచ్చి ఇచ్చి వెళ్ళాడు. ఇంగ్లీషులో ఉంది, ఏం రాశారో చదివి పెట్టు" అన్నారు.

చదివాను. డిస్పాచర్ కుటుంబం డిస్పాచర్ మీద ఆధారపడడం క్షేమం కాదు కాబట్టి, శ్రీమతి సువార్తమ్మ గారు ప్రతిరోజూ పదకొండు నుంచి పదకొండున్నర వరకు తమ చెరువు మీద మోతలు పెట్టుకోవచ్చును. ఇకపై ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇది పర్మనెంట్. కింద కమాండర్ గారి సంతకం, దాని మీద గుండ్రటి స్టాంపు. ఆరు నెలలుగా నేను కలలు కంటున్న సంతకం అదేనండీ!

"అంటే ఏంటమ్మాయ్?" అన్నారు అత్తయ్యగారు.

"అంటే మీరు పర్మనెంట్ అయ్యారండి అత్తయ్యగారూ."

"మరి నువ్వో?"

"నన్ను ఇంకో మూడు నెలలు చూస్తారటండి."

ఆవిడ నా వైపు జాలిగా చూశారు. కవరు జాగ్రత్తగా మడిచి బైబిల్లో పెట్టుకున్నారు. తర్వాత నా భుజం తట్టి, చుట్టూ ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించి అన్నారు, "దిగులు పడకు. లోపల మనవాళ్ళున్నారుగా. నేనో మాట చెబుతాలే."